మంచం తీసేసిన గది

మా ఫ్లాటులో రెండో పడకగదిలో ఉన్న మంచాన్ని నేను తీయించేసిన రోజున మండపేట నుంచి తణుకు దాకా ఫోన్లు మోగాయి. మనిషి పోయినా మా ఆయన తరఫు వాళ్ళలో కబురు అంత వేగంగా పాకదు. "మంచం తీసేశారంట" అని ఒకరు, "తీసేసి ఏం పెట్టారంట?" అని ఇంకొకరు, "బొమ్మలేసుకునే స్టాండంట" అని మరొకరు. అక్కడితో విచారణ ముగిసింది. నాకు మతి చలించిందని కొందరు తేల్చారు. కాస్త చదువుకున్నవాళ్ళు ఈ వయసులో ఆడవాళ్ళకి హార్మోన్లు అలా చేస్తాయని సర్దిచెప్పారు.

నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేశాను. చేశానని చెప్పుకోవడం కూడా ఎక్కువే. లెక్కల మాస్టారికి సిలబస్ మిగిలిపోయినప్పుడు అప్పగించే పీరియడ్‌ని డ్రాయింగ్ అంటారు. మిగతా రోజుల్లో నా పని ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వచ్చే ముందు గోడల మీద చెట్లను, చేతులు కడుక్కునే పిల్లలను వేయడం, కరస్పాండెంటుగారి పుట్టినరోజుకి ఆయన బొమ్మ వేయడం. ఒక ఏడాది ఆయనకి ఉన్నంత జుట్టే వేశాను. స్టాఫ్ రూములో అందరూ నా పక్కన కూర్చోవడం మానేశారు. తరవాతి ఏడాది నేనే మానేశాను. మానేసేటప్పుడు మా ఆయనకి ఒకటే చెప్పాను, ఇక మీదట నా బొమ్మలు నేను వేసుకుంటాను, నాకు ఒక గది కావాలి అని.

గది ఉంది. మా ఫ్లాటు కోటిలింగాల ఘాటుకి వెళ్ళే దారిలో, రెండో అంతస్తులో. మా ఆయన ఊళ్ళో తన వాటా పొలం అమ్మి కొన్నది. రెండు పడకగదులు, ఒక హాలు, ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయటికి రావలసిన వంటగది. రెండో పడకగదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది. ఉత్తరం కిటికీలోంచి ఎండ పడదు, వెలుతురు మాత్రం పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకేలా ఉంటుంది, అందుకని పొద్దున్న కలిపిన రంగు మధ్యాహ్నం వేరే రంగులా కనిపించదు. బొమ్మలు వేసేవాళ్ళు కోరుకునేది అదే. ఇన్నేళ్ళూ ఆ వెలుతురంతా మా చుట్టాల గురకల మీద పడింది.

మాకు పిల్లలు లేరు. అందుచేత ఆ గది తమదని చుట్టాలందరూ మమ్మల్ని అడక్కుండానే తీర్మానించుకున్నారు. అస్థికలు కలపడానికి వచ్చినవాళ్ళు, స్కానింగుకి వచ్చినవాళ్ళు, పెళ్ళి బట్టలు కొనడానికి వచ్చినవాళ్ళు, కోరుకొండ గుట్ట మీద పెళ్ళికి వచ్చి అన్ని మెట్లు ఎక్కలేక ఇక్కడే పడుకుండిపోయినవాళ్ళు. అందరిదీ ఒకటే మాట, "మీ ఇల్లు ఘాటుకి దగ్గర కదండీ" అని. అదేదో ఘాటు పక్కన ఇల్లు కొని మేమే నేరం చేసినట్టు. గోదావరిలో మునిగి వచ్చి తడి పంచెలు నా కర్టెన్ల రాడ్డుకి ఆరేసేవాళ్ళు. స్నానాల గదిలో ఇసుక మేట వేసేది. పెసరట్టులో అల్లం తగ్గిందని, పక్కింటి వాళ్ళ కాఫీ బాగుంటుందని, పరుపు మెత్తనైపోయిందని చెప్పి మరీ వెళ్ళేవాళ్ళు. పోయినవాళ్ళ కోసం ఏడ్చిన కళ్ళతోనే టిఫిన్‌లోకి రెండో చట్నీ అడిగినవాళ్ళను నేను చూశాను. వాళ్ళ మీద నాకు ఏ కోశానా గౌరవం లేదు, ఇప్పుడూ లేదు.

మా ఆయనకి మాత్రం వాళ్ళు వస్తే పండగే. ఆయన ప్రభుత్వాఫీసులో గుమాస్తా. పొలం అమ్ముకున్న మనిషి ఊళ్ళో లెక్కలోకి రాడు, గుమాస్తా అసలే రాడు. ఈయన లెక్కలోకి వచ్చింది ఆ మంచం వల్ల. ఊరికి వెళితే "మొన్న మీ ఇంట్లో ఎంత బాగా చూసుకున్నారండీ" అని ఎవరో ఒకరు నలుగురిలో అనేవాళ్ళు, ఈయన మొహం విప్పారేది. నాకు గది కావాలి, ఆయనకి మంచం కావాలి. ఆ పదడుగుల గదిలో రెండూ పట్టవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నేను అడిగినప్పుడు చాలాసేపు బాల్కనీలో నిలబడి, లోపలికి వచ్చి, "సరే, నీ ఇష్టం" అన్నారు. మంచం కొనుక్కున్నవాళ్ళు విప్పి తీసుకెళుతున్న రోజు ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చారు.

స్టాండు చేయించడానికి ఒక వడ్రంగికి కాగితం మీద గీసి ఇచ్చాను. మూడు కాళ్ళు, మధ్యలో బల్ల ఆనడానికి పట్టీ, అంతే. అతను చేసి తెచ్చినదాని నెత్తిన ఒక ఇత్తడి కొక్కెం ఉంది. నేను గీసిన బొమ్మలో కొక్కెం లేదు.

"ఇదేంటండీ?" అని అడిగాను.

"దండకండి," అన్నాడు. గొంతు తగ్గించి, "పెద్దకర్మ ఎప్పుడండి?" అని అడిగాడు.

ఈ ఊళ్ళో స్టాండు మీద బొమ్మ పెట్టాలంటే ఒకరు పోవాలి. బతికున్నవాళ్ళకి ఫ్లెక్సీలు ఉన్నాయి. కొక్కెం పీకేయమంటే అతను నా వంక జాలిగా చూశాడు, దుఃఖంలో ఏదో మాట్లాడుతున్నాను అనుకున్నట్టున్నాడు.

తరవాత అసోసియేషన్ ప్రెసిడెంటుగారు వచ్చారు. నేను రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన లిఫ్టు దాకా వస్తోందని ఫిర్యాదట. వాసన సంగతి రెండు నిమిషాల్లో వదిలేసి అసలు సంగతికి వచ్చారు. "మెట్ల మూలల్లో అందరూ ఉమ్మేస్తన్నారండి. మీరెలాగూ ఖాళీగానే ఉంటున్నారు కదా, మూలకొక దేవుడి బొమ్మ వేసెయ్యండి. వెంకటేశ్వరస్వామి అయితే ఎవరూ ఉమ్మరండి."

"ఉమ్మొద్దని చెప్పచ్చు కదండీ," అన్నాను.

"చెబితే వింటారేంటండీ," అన్నారాయన, నా అమాయకత్వానికి నవ్వుతూ.

ఏడుకొండలవాడిని మెట్ల కింద వాచ్‌మన్ పనిలో పెట్టడానికి ఆయనకి ఏ సంకోచమూ కలగలేదు. నేను వేయనన్నాను. కింద ఫ్లాటు వాళ్ళకి నేను మతం మారానని అనుమానం వచ్చింది. ఆ మూలల్లో ఇప్పటికీ ఉమ్ముతూనే ఉన్నారు.

ఊళ్ళో బొమ్మలు వేసేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళ ఎగ్జిబిషన్‌కి ఒకసారి వెళ్ళాను. హాలు నిండా సూర్యాస్తమయాలు, ప్రతి సూర్యుడి కింద ఒక వంతెన, వంతెన కింద ఒక పడవ, పడవలో తలపాగా చుట్టుకున్న ఒక మనిషి. ఈ ఊళ్ళో సూర్యుడు పొద్దున్నే ఉదయిస్తాడని వాళ్ళలో ఒక్కరూ చూసినట్టు లేదు, అంత పొద్దున్నే లేవరు కాబోలు. నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి "మీరు కూడా గోదావరి వేస్తారా అండీ?" అని అడిగారు. వేయనన్నాను. "మరింకేం వేస్తారు?" అన్నారు, నిజంగానే అర్థం కాక.

నేను వేయాలనుకున్నది నా కిటికీలోంచి కనిపించే గోడ. వెనక అపార్టుమెంటు వీపు. నాచు పట్టి, చెమ్మ దిగి, గొట్టాలు, ఏసీ డబ్బాలు, ఆరేసిన నైటీలు, ఎక్కడో ఒకచోట మొలిచిన రావి మొక్క. చెమ్మ దిగినచోట సిమెంటుకి వచ్చే ఆకుపచ్చ, బూడిద, ఊదా రంగుల కోసం నేను ఏళ్ళ తరబడి వంట చేస్తూ, పక్కలు దులుపుతూ, ఆ కిటికీ వైపు చూశాను. అంతకన్నా అందమైనది ఈ ఊళ్ళో నాకు కనిపించలేదు. దానికోసం హైదరాబాదు నుంచి కాన్వాసు గుడ్డ తెప్పించి, పెద్ద చట్రానికి బిగించి, తెల్ల ప్రైమరు పూసి, ఆరడానికి డాబా మీద పెట్టాను. మే నెల ఎండ.

మధ్యాహ్నం తీసుకుందామని వెళ్ళేసరికి దాని నిండా గుమ్మడి వడియాలు ఉన్నాయి. వరసలు తప్పకుండా, ఒకదానికొకటి తగలకుండా, చివర అంగుళం కూడా వదలకుండా పెట్టారు. మూడో అంతస్తు ఆవిడ పక్కనే గొడుగు వేసుకుని కాకులను తోలుతున్నారు.

"మీదా అండీ?" అన్నారు సంతోషంగా. "ఎవరో వడియాలకనే చేయించుకున్నారనుకున్నానండి. ఎంత బాగుందో. బిగుతుగా ఉంది, నేలకి తగలదు, కింద గాలాడుతోంది. ఎక్కడ చేయించారండీ? మా చెల్లికి కూడా ఒకటి కావాలి."

అది బొమ్మ వేసే కాన్వాసు అని చెప్పాను. ఆవిడ దాన్ని మళ్ళీ ఒకసారి తేరిపార చూశారు. బొమ్మకి ఇంత మంచి గుడ్డ ఎందుకని ఆవిడ మొహంలో స్పష్టంగా కనిపించింది. క్షమించమని అడగలేదు, అడగాలన్న ఊహ కూడా ఆవిడకి రాలేదు. ఎండాక డబ్బా నిండా వడియాలు పంపించారు. నేను తినలేదు. మా ఆయన వేయించుకుని పప్పులో నంజుకున్నారు, బాగున్నాయన్నారు. చట్రం కిందికి తెచ్చి గోకి, మళ్ళీ ప్రైమరు పూశాను. చాలా రోజులు ఇంగువ వాసన వదల్లేదు.

ఆ కాన్వాసు మీద గోడ మొదలుపెట్టాక వచ్చారు మా ఆయన మేనమామ. తండ్రి చిన్నప్పుడే పోతే మా ఆయనను పెంచి, కాలేజీలో చదివించింది ఆయనే. కోరుకొండలో మర్నాటి పొద్దున్న పెళ్ళి, రాత్రికి పడుకోవడానికి వచ్చారు. చెప్పి రావడం వాళ్ళ వంశంలో లేదు. మంచం కబురు విన్నా నమ్మలేదు కాబోలు, చెప్పులు విడిచి, సంచీ పట్టుకుని, అలవాటుగా తిన్నగా ఆ గదిలోకి నడిచి, గుమ్మంలో ఆగిపోయారు.

"మంచం ఏదమ్మాయ్?"

"తీసేశామండి."

"ఎక్కడ వేశారు?"

"ఎక్కడా వెయ్యలేదండి. అమ్మేశాం."

ఆయన స్టాండు వంక, దాని మీద సగం వేసిన డ్రైనేజీ గొట్టం వంక చూశారు. హాల్లో పరుపు వేస్తాను, ఫ్యాను కింద చల్లగా ఉంటుందని చెప్పాను. "పర్లేదమ్మా, పర్లేదు" అంటూ హాల్లో కుర్చీ అంచున కూర్చున్నారు. సంచీ కింద పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకునే కాఫీ తాగారు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా అలాగే కూర్చుని, రాగానే లేచి, ఇంకొక చుట్టం ఇంట్లో పడుకుంటానని ముందే మాటిచ్చానని చెప్పారు. ఆ మాట అప్పటికప్పుడు పుట్టిందని ముగ్గురికీ తెలుసు. మా ఆయన స్కూటరు మీద దింపి వచ్చి, అన్నం తిని పడుకున్నారు.

ఆ పెద్దాయన నేల మీద పడుకోలేని మనిషి కాదు. కళ్ళం దగ్గర గడ్డి మీద పడుకున్న మనిషే. ఆయనకి కావలసింది మంచం కాదు, నేను మంచం మీద దుప్పటి మార్చి, చెంబుతో నీళ్ళు పెట్టి, గది వదిలి బయటికి వెళ్ళడం. అది జరగనప్పుడు ఆయనకి నిద్ర పట్టదు. ఈ మర్యాదల గురించి మా వైపు వాళ్ళు ఊరూరా గొప్పలు చెప్పుకుంటారు. మర్యాద చేసే చెయ్యి ఎవరిదో ఒక్కరూ చెప్పుకోరు.

ఆ తరవాత రాకపోకలు తగ్గి, మెల్లగా ఆగిపోయాయి. కర్టెన్ల రాడ్డు కర్టెన్లకి మిగిలింది. పొద్దున్నే వంట ముగించి గదిలోకి వెళితే సాయంత్రం దాకా నన్ను పిలిచేవాళ్ళు లేరు. గోడ మెల్లగా కాన్వాసు మీదికి వస్తోంది. వెనక అపార్టుమెంటు ఆవిడ ఒకరోజు కిటికీలోంచి "మా బాత్రూం గొట్టం ఎందుకు వేస్తున్నారండీ, మున్సిపాలిటీకి చూపించడానికా?" అని అడిగారు. అది తప్ప నాకు వేరే ఇబ్బంది లేదు. నా జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ లేను. మా ఆయన ఫోను మాత్రం మోగడం మానేసింది. ఆదివారాలు దాన్ని చేత్తో పట్టుకుని బాల్కనీలో కూర్చునేవారు.

వానలు వెనకబట్టాక మేనమామ పోయారు. వయసు మీరిన మనిషి, నిద్రలోనే పోయారు. కబురు వచ్చింది, ఇద్దరం వెళ్ళాం. మేనమామకి ఒక్కడే కొడుకు. అతనూ మా ఆయనా ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర పెరిగారు. అతను చిన్నవాడైనా ఎన్నడూ మా ఆయనను మన్నించి, గారు చేర్చి పిలిచింది లేదు. "ఏరా బావా" అనేవాడు, పదిమందిలోనూ అలాగే పిలిచేవాడు, ఈయన మురిసిపోయేవారు. దహనం అయ్యాక ఈయన అతని భుజం మీద చెయ్యి వేసి, అస్థికలు గోదావరికి ఎప్పుడు తెస్తారని అడిగారు. "మూడో రోజు పొద్దున్నే" అన్నాడు. ఇంటికి రమ్మని ఈయన పిలవలేదు. గోదావరికి వచ్చి మా ఇంటికి రాకపోవడం అనేది ఈయన ఊహకి అందదు.

మూడో రోజు సెలవు పెట్టారు. మూడో అంతస్తు ఆవిడ దగ్గర పరుపులు తెచ్చి హాలంతా పరిచారు. కుర్చీలు బాల్కనీలోకి మార్చారు. కొత్త తువ్వాళ్ళు తీసి సోఫా చేతి మీద వరసగా వేశారు. నన్ను ఉప్మా చేయమన్నారు, ఎక్కువ చేయమన్నారు. చేశాను. అప్పుడు గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఇందులో కూడా ఒక పరుపు వేద్దామా? అత్తయ్య కాసేపు నడుం వాలుస్తుంది."

"వద్దండీ. రంగు ఆరలేదు," అన్నాను.

రంగు ఆరలేదన్న మాట నిజమే. పక్కకి జరిపితే ఒక పరుపు పడుతుందన్నదీ నిజమే. ఒకసారి జరిపితే ఇక ఆ స్టాండు ఎప్పటికీ జరుగుతూనే ఉంటుందని నాకు తెలుసు. ఆయన వెళ్ళి గేటు కనిపించేలా బాల్కనీలో నిలబడ్డారు.

ఎండ ఎక్కింది. ఎవరూ రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. బండి ఏదైనా చెడిపోయిందేమోనని ఘాటుకి వెళ్ళారు. వెళ్ళి వచ్చేదాకా నేను గదిలోనే ఉన్నాను. తాళం చప్పుడు విని బయటికి వచ్చేసరికి ఆయన పరుపులు చుడుతున్నారు.

"వచ్చారా?" అన్నాను.

"అంతా అయిపోయింది. బట్టలు మార్చుకుంటున్నారు."

పరుపు చుట్టడం ఆపకుండానే చెప్పారు. వాళ్ళు తెల్లవారకముందే వచ్చి లాడ్జిలో దిగారు. కార్యం ముగించుకుని ఘాటు మెట్ల మీద తల తుడుచుకుంటుంటే ఈయన ఎదురుపడ్డారు. మేనమామ కొడుకు చేతిలో తువ్వాలు పక్కన పెట్టి, లేచి నిలబడి, రెండు చేతులూ జోడించాడు.

"'రండి బావగారూ' అన్నాడు," అన్నారు మా ఆయన. "'మీరెందుకండీ శ్రమపడి వచ్చారు' అన్నాడు. 'అక్కయ్యగారు పని చేసుకుంటూ ఉంటారు కదండీ, ఇబ్బంది పెట్టడం ఎందుకని లాడ్జిలో దిగామండి' అన్నాడు."

ప్రతి మాటకీ గారు, ప్రతి మాటకీ అండి. ఎక్కడా ఒక్క పొల్లు మాట లేదు, గొంతు పెంచింది లేదు. మా వైపు వాళ్ళు మనిషిని తెగ్గొట్టాలంటే తిట్టరు, మన్నిస్తారు. అంత శుభ్రంగా కోయడం నాకు చేతకాదు. అంత నీచమైన మర్యాదను నేను మరెక్కడా చూడలేదు.

అయినా ఒకటి చెప్పాలి. ఆ చుట్టాల్లోగానీ, ఈ అపార్టుమెంటులోగానీ, నేను ఆ గదిలో చేసేదాన్ని పని అన్నవాడు అతనొక్కడే. మా ఆయన కూడా ఎప్పుడూ అనలేదు. పొడవడానికే అన్నాడని తెలుసు, ఎవరిని పొడిచాడో కూడా తెలుసు. ఆ పొడిచిన మనిషి నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని పరుపులకి తాడు కడుతున్నారు. అది చూస్తూనే నాకు సంతోషం వేసింది. దాచుకోలేనంత సంతోషం వేసింది, వంటగదిలోకి వెళ్ళి మొహం సరిచేసుకుని వచ్చాను.

గిన్నెలో ఉప్మా గడ్డకట్టింది. ఇద్దరం చెరి కాస్త తిన్నాం. ఆయన గట్టిగా ఒక్క మాట అంటారని, అంటే ఏం జవాబు చెప్పాలో చాలాకాలంగా సిద్ధం చేసుకుని ఉన్నాను. ఆయన అనకపోవడంతో నా జవాబులన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. చివరికి నేనే అడిగాను.

"మంచం మళ్ళీ తెప్పించమంటారా?"

ఆయన కంచంలోంచి తలెత్తి, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

"ఎవరికి?"

చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. వెలుతురు ఇంకా ఉంది. ఆ సాయంత్రం గోడ మీద చెమ్మ మచ్చ నేను అనుకున్నట్టే కుదిరింది.